హైవే ప్రయాణాలకు పాత బైక్ ఎంపిక (సమాధానం)

తిరుపతి నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు మీ 125 సీసీ బండి చేతులు తిమ్మిరెక్కేలా వణుకుతోందని, హైవేకి ఏ పాత బైక్ కొనాలని అడిగారు. ఆ వణుకుకు కారణం బహుశా రిపేరు కాదు. వేగం గంటకు ఎనభై కిలోమీటర్లు దాటిన తర్వాత చిన్న ఇంజను తన శక్తినంతా వెచ్చిస్తూ తిరగవలసి వస్తుంది.

1. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 గానీ, ఆరు గేర్లున్న బజాజ్ డామినార్ 400 గానీ చూడండి. నిదానంగా నడిపేవారికి మొదటిదే నయం.

2. కొనే ముందు, స్టార్టింగ్ లోపాలు బయటపడేలా ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి.

3. చాలామంది చూడకుండా వదిలేసేది కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. మెకానిక్ చేత ముందు చక్రం పైకి లేపించి, హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పినప్పుడు, అది సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు పట్టేస్తే బేరింగులు అరిగినట్టే. ఊళ్లో తెలియని ఈ లోపం హైవే వేగంలో బండిని తిన్నగా పోనివ్వదు.

4. టైరు పక్కన 1420 అని ఉంటే అది 2020లో 14వ వారం తయారైనది. అంత పాతదైతే, గాట్లు బాగున్నా కొత్త టైర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి.

5. ఆర్‌సీలో ఫైనాన్స్ (బండి మీద అప్పు) ఉంటే, అది తీరిందని అప్పిచ్చిన సంస్థ ఇచ్చే పత్రం (ఎన్‌ఓసీ) చూపే వరకు అడ్వాన్సు ఇవ్వవద్దు.