ప్రాసెసర్ 95 దాటుతుంటే కొత్త కూలర్ కొనే ముందు ఇది చూడండి

మీ డెస్క్‌టాప్‌కి మూడేళ్లు. ఏ పనీ చేయకపోయినా ప్రాసెసర్ 60 డిగ్రీల్లో ఉంటోంది, వీడియో రెండర్ పెట్టగానే 95 దాటి సిస్టం నెమ్మదిస్తోంది, కొత్త కూలర్ కొనాలా అని అడిగారు. కొనాల్సి రావచ్చు కానీ ఇప్పుడే వద్దు. వేడి ఎంత పెరుగుతోందో మీకు తెలుసు, ఎంతసేపట్లో పెరుగుతోందో కూడా చూడండి.

ప్రాసెసర్ వేడిని చూపించే కోర్ టెంప్ లాంటి సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని రెండర్ మొదలుపెట్టండి. రెండు మూడు సెకన్లలోనే 95కి ఎగబాకిందంటే కూలర్ అడుగుభాగం ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదని, లేదా ఆ రెండింటి మధ్య వేడిని దాటించడానికి పూసే పేస్ట్ ఎండిపోయిందని అనుమానించాలి. పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కితే మాత్రం దుమ్ము, లేదా క్యాబినెట్‌లోంచి వేడిగాలి బయటికి పోకపోవడం. ఖాళీగా ఉన్నప్పుడే 60 అంటున్నారు కాబట్టి నా అనుమానం మొదటిదాని మీదే. టాస్క్ మేనేజర్‌లో వెనకాల ఏదైనా ప్రోగ్రాం ప్రాసెసర్‌ని తినేస్తోందేమో మాత్రం ముందు చూసుకోండి.

నేను ఈ తేడా తెలియక రెండుసార్లు పేస్ట్ మార్చాను. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కూలరే నాది, నాలుగు మూలలా నొక్కే పిన్నులు ఉండే రకం. శుభ్రం చేద్దామని విప్పి మళ్లీ పెట్టినప్పటి నుంచి మూడు సెకన్లలో 98. పేస్ట్ నాసిరకం అనుకున్నా, ఇంకోటి తెచ్చి పూశా, మళ్లీ అదే 98. మూడోసారి విప్పినప్పుడు పేస్ట్ అచ్చు చూశాను. మూడు వైపులా పల్చగా పరుచుకుంది, ఒక మూల మాత్రం నేను పెట్టిన బొట్టు పెట్టినట్టే లావుగా ఉంది. అంటే ఆ మూల కూలర్ పైకి లేచి ఉందన్నమాట. పొరపాటు నాదే. ఆ పిన్నులు విప్పేటప్పుడు తలని బాణం గుర్తు వైపు తిప్పుతాం కదా, మళ్లీ బిగించే ముందు దాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి. ఒకదాన్ని తిప్పడం మర్చిపోయాను, నొక్కితే నొక్కినట్టే అనిపించింది గానీ పట్టుకోలేదు.

ఈసారి మదర్‌బోర్డు బయటికి తీసి, ఎదురెదురు మూలలు జతగా నొక్కి, బోర్డు వెనక్కి టార్చ్ వేసి చూశాను. నాలుగు చోట్లా తెల్ల ప్లాస్టిక్ రెక్కలు బయటికొచ్చి, వాటి మధ్యలో నల్ల మేకు కనిపించాలి. కనిపించాయి. ఖాళీగా 38, రెండర్‌లో 72. కొత్త కూలర్ మాట మళ్లీ ఎత్తలేదు.

మీరు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. మీది ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్, అదీ ఏఎం4 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉండే రకం అయితే పది నిమిషాలు ఏదో ఒక పని పెట్టి పేస్ట్‌ని వెచ్చబరిచి, పవర్ ఆపి, కేబుల్ పీకేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. ఒక్క గుంజు గుంజితే ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడివస్తుంది, ప్రాసెసర్ అడుగున ఉండే పిన్నులు వంగితే పెద్ద తలనొప్పి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడవండి. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత చాలు.

ఎలాగూ విప్పారు కాబట్టి ఫ్యాన్‌ని కూడా హీట్‌సింక్ (కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మ) నుంచి వేరు చేయండి. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది, ఫ్యాన్ కింద రేకుల మీద దుమ్ము కంబళి కప్పినట్టు పేరుకుని ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అది పిచ్చిగా తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇవన్నీ చేశాక కూడా వేడి మెల్లగా ఎక్కుతుంటే క్యాబినెట్ పక్క మూత తీసి అదే రెండర్ మళ్లీ పెట్టండి. పది డిగ్రీలు తగ్గిందంటే లోపం కూలర్‌లో లేదు, గాలి వచ్చీ పోయే దారిలో ఉంది. వెనక ఫ్యాన్ గాలిని బయటికే తోస్తోందా? ఒక కాగితం ముక్క దగ్గర పెడితే తెలిసిపోతుంది.

ఈలోగా పని ఆగకూడదంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేయండి. చాలా సిస్టమ్స్‌లో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది, రెండర్ కాస్త ఆలస్యమవుతుంది, వేడి బాగా తగ్గుతుంది. ప్రాసెసర్ కాలిపోతుందేమోనన్న టెన్షన్ మాత్రం వద్దు. పరిమితి దగ్గరకు రాగానే అదే వేగం తగ్గించుకుంటుంది, మీకు నెమ్మదించినట్టు అనిపిస్తున్నది అదే. అప్పటికీ ఆగకపోతే సిస్టం దానంతటదే ఆఫ్ అవుతుంది. అన్నట్టు, రైజెన్ 7000 సిరీస్‌లో పెద్ద ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి. మీది అదే అయితే రెండర్‌లో 95 చూసి కంగారు పడక్కర్లేదు, ఖాళీగా 60 ఎందుకుంటోందో అదొక్కటి తేల్చుకుంటే చాలు.

ప్రాసెసర్ మోడల్, కూలర్ పిన్నులదా స్క్రూలదా, ఎన్ని సెకన్లలో 90 దాటిందో చెప్పండి, అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.