స్టార్టప్ పెట్టుబడిదారులు హక్కుల సంఘాలకు డబ్బు ఇవ్వవచ్చా?

స్టార్టప్‌లలో మదుపు చేసేవారు పౌరహక్కుల సంఘాలకూ, రాజకీయ అంశాలపై పనిచేసే సంస్థలకూ ఆర్థిక సాయం చేయాలా అన్నది ప్రశ్న. విజయనగరంలో ఉంటూ కొన్ని చిన్న స్టార్టప్‌లలో మరికొందరితో కలిసి పెట్టుబడి పెడుతున్న వ్యక్తిగా నా అభిప్రాయం ఇది: చేయాలి; అయితే సొంత సొమ్ములోంచి చేయాలి గాని, నలుగురూ లాభం కోసం నమ్మి అప్పగించిన ఫండ్‌లోంచి కాదు.

ఈ చర్చలో తరచుగా అమెరికా ఉదాహరణ వస్తుంది. 2017 ఆరంభంలో, కొన్ని ముస్లిం దేశాల ప్రయాణికులపై అక్కడి ప్రభుత్వం నిషేధం విధించిన రోజుల్లో, వై కాంబినేటర్ అనే స్టార్టప్ పెట్టుబడి సంస్థ ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థను తన శిక్షణ కార్యక్రమంలో చేర్చుకుంది. అక్కడ తగాదా ప్రభుత్వంతో కాబట్టి పెట్టుబడిదారుల డబ్బు పెద్ద ఇబ్బంది కాలేదు. మా ఉత్తరాంధ్రలో హక్కుల తగాదాలలో చాలావాటికి మరో కొసన ఒక కంపెనీ ఉంటుంది. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించినవారిపై 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు మరణించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ ఇలాంటి ప్రాజెక్టు విషయంలోనే కాల్పులు జరిగాయి. అటువంటి ఊళ్లకు నిజనిర్ధారణకు వెళ్లినవారితో జనం మనసు విప్పి మాట్లాడాలంటే, వారి వెనుక ఏ కంపెనీ సొమ్మూ లేదన్న నమ్మకం కలగాలి.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఒక హక్కుల సంఘానికి ఏడాది పాటు నివేదికల అచ్చు ఖర్చు భరిస్తానని చెప్పినప్పుడు, వారి పెద్దాయన మర్యాదగానే నిరాకరించారు. రేపు తాము ఏదో కంపెనీ మీద నివేదిక రాస్తే, దాని పోటీదారులో నాకు వాటా ఉందని ఒక్కరు అన్నా చాలు, ఆ నివేదిక చెల్లకుండా పోతుందని ఆయన వాదన. సభ్యత్వం తీసుకోండి, ప్రతులు కొనండి, అంతకు మించి వద్దు అన్నారు. ఆ నిరాకరణతో వారిపై నా గౌరవం పెరిగిందనే చెప్పాలి.

అందరూ అలా నిరాకరించరు. ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ, సేవలనూ కంపెనీలు సమానంగా అందించాలన్న నెట్ న్యూట్రాలిటీ ఉద్యమంలోంచి 2016లో పుట్టిన ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ వంటి ఇంటర్నెట్ హక్కుల సంస్థలు విరాళాలు స్వీకరిస్తాయి, లెక్కలు బయటపెడతాయి. ఇంటర్నెట్ మీద బతికే వ్యాపారంలో లాభం చూసినవారు అటువంటి సంస్థకు ఇవ్వడం న్యాయమే. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేసిన సంగతి గుర్తున్నవారికి వేరే వివరణ అక్కర్లేదు.

రాజకీయ పార్టీల సంగతి వేరు. కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాలైనా నిండని కంపెనీ పార్టీకి విరాళం ఇవ్వకూడదు. స్టార్టప్‌లలో ఎన్నో ఆ వయసులోనే ఉంటాయి.

చివరగా, శ్రీకాకుళం నుంచి అమెరికా వెళ్లిన బంధువులతో కలిసి ఇవ్వాలనుకునేవారికి ఒక జాగ్రత్త. భారత పౌరసత్వం నిలుపుకున్నవారు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏకు) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్మును ఆ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి. కాబట్టి ఇద్దరి సొమ్మునూ ఒకే చెక్కుగా పంపవద్దు.