రాయిలో గవ్వ అచ్చు చూసి జియాలజీ చదువుతానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పంగిడి వైపు చుట్టాలింటికి వెళ్లి, గవ్వ ఆకారంలో గుంట ఉన్న రాయి తెచ్చుకుంది. అప్పట్నుంచి ఇంజినీరింగ్ వద్దు, శిలాజాలు చదువుతానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, ముందు ఆ రాయి సంగతి చూద్దాం. పంగిడి, కాతేరు క్వారీల్లో లావా పొరల నడుమ సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు, అంటే డైనోసార్లు అంతరించిన రోజులు. అప్పట్లో సముద్రం అక్కడిదాకా ఉండేది.

గవ్వ బురదలో కూరుకుపోతుంది, బురద రాయవుతుంది. తర్వాత నేలలోని నీరు గవ్వను కరిగించేస్తే దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అదే అచ్చు శిలాజం. చవితికి వినాయకుణ్ని చేసే చెక్క అచ్చు లాంటిదే. ఆ ఖాళీలో ఖనిజాలు నిండితే పోత శిలాజం. గవ్వ బయటి వైపు ముద్ర పడితే అది బయటి అచ్చు, అందులో గవ్వ మీది గీతలు, ముళ్లు కనిపిస్తాయి. గవ్వ కడుపులో బురద నిండి గట్టిపడితే అది లోపలి అచ్చు. చిప్పలు మూసే కండరం ఎక్కడ అంటుకుని ఉండేదో ఆ మచ్చ అందులో పడుతుంది. ఒళ్లు ఎప్పుడో కుళ్లిపోయినా, ఆ జీవి ఇసుకలో దూరి బతికిందా, పైనే ఉందా అన్నది ఇలాంటి గుర్తులను బట్టే చెప్తారు. ఇంకో చిత్రం: నత్తగుల్లల్లో ఎక్కువగా ఉండేది అరగొనైట్ అనే ఖనిజం, తొందరగా కరుగుతుంది. ఆల్చిప్పల్లో కాల్సైట్ అనే ఖనిజం ఎక్కువ, అది నిలుస్తుంది. అందుకే ఒకే రాయిలో ఒకటి చిప్పగానే ఉంటే, పక్కది ఉత్త గుంటగా కనిపించొచ్చు.

ఇక ఉద్యోగాలు. శిలాజాల మీదే బతికే కొలువులు తక్కువే. లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్ల పరిశోధన, అదీ పీహెచ్‌డీ దాకా ఓపిక ఉంటేనే. జియాలజీ మొత్తం చూస్తే దారి వెడల్పే. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భజల బోర్డులో చేరొచ్చు. చమురు బావుల్లోంచి తీసిన రాతిపొరల వయసు తేల్చడానికి సూక్ష్మ శిలాజాలు చూసేవాళ్లు కావాలి.

జియాలజీ చదవాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ఐఐటీ ఖరగ్‌పూర్, లేదా బీఎస్సీ చేసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఈఏపీసెట్ మాత్రం రాయించండి, పోయేదేం లేదు.

ఆ గుంట బయటి అచ్చా, లోపలి అచ్చా అని అమ్మాయిని అడగండి. కారణంతో సహా చెప్పిందంటే పంపడానికి నేను వెనకాడను. క్వారీలోకి మాత్రం ఒంటరిగా, అనుమతి లేకుండా వెళ్లనివ్వకండి. ఆ రాయి ఎక్కడ, ఏ తేదీన దొరికిందో ఇప్పుడే చీటీ రాసి అంటించమనండి. దొరికిన చోటు తెలియని రాయి పరిశోధకులకు పెద్దగా పనికిరాదు.