పాత వ్యాన్‌కి 42 వేలు పెట్టాలా, కొత్తదానికి ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మాది భీమవరం. 2011లో కొన్న మారుతి ఈకో ఉంది. పెట్రోలు బండి, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. కొంతకాలంగా ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది, డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఆరడం లేదు. రెండు రోజులు బయటకు తీయకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. హెడ్డు (ఇంజిన్ పై భాగం) విప్పాలి, 42 వేలవుతుంది అంటున్నాడు మెకానిక్. మావారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. వీడియోలు చూసి తానే బాగుచేస్తానని, అందుకు 25 వేల పనిముట్ల సెట్టు వాయిదాల్లో కొంటానని ఆయన పట్టు. షోరూమువాళ్లు పాతదాన్ని 70 వేలకు తీసుకుంటామన్నారు. ఆ డబ్బుకి మా డిపాజిట్లోంచి మరో 70 వేలు కలిపి, 5 లక్షల అప్పు తీసుకుంటే కొత్త ఈకో వస్తుంది. ఇద్దరి సంపాదన నెలకు 48 వేలు, డిపాజిట్ లక్షన్నర. నెలకోసారి మామగారిని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం చేయమంటారు?

జవాబు: 42 వేలు, 25 వేలు, 5 లక్షలు. మీ ఇంట్లో ఈ మూడు అంకెల మీదే వాదన నడుస్తున్నట్టుంది. బండికి వచ్చిన లోపం ఏమిటో మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు. దాన్ని తేల్చడానికి మూడు నాలుగు వేలు చాలు. ఆ ఖర్చు ముందు పెట్టండి. అప్పటిదాకా షోరూముకు అడ్వాన్సు ఇవ్వకండి, హెడ్డు విప్పనివ్వకండి.

'70 వేలు చేసే బండికి 42 వేలు పెడతారా' అని చుట్టాలు అనే ఉంటారు. వినడానికి సబబుగానే ఉన్నా ఆ పోలిక తప్పు. మీరు బండిని అమ్ముకోవడానికి బాగుచేయించడం లేదు, తిరగడానికి బాగుచేయిస్తున్నారు. కాబట్టి పోల్చాల్సింది కొత్త బండి ఖర్చుతో. 5 లక్షల అప్పు, ఏడేళ్లు, 9.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు వాయిదా సుమారు 8,170 రూపాయలు. మొత్తం మీద వడ్డీ లక్షా 86 వేలు. అందులో మొదటి ఏడాది వడ్డీయే 45 వేలు! మెకానిక్ చెప్పిన 42 వేలు దానికంటే తక్కువ. పైగా ఏడాది దాటేసరికి కొత్త బండి విలువను ఇన్సూరెన్సు లెక్కలోనే 20 శాతం తగ్గించి కడతారు. అందుకని 45 వేలను గీతగా పెట్టుకోండి. ఏడాదిలో రిపేర్లు ఆ గీత దాటనంత కాలం పాత బండే చవక.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది, తుప్పు. ఇంజిన్ను ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు. అడుగు రేకును, ఛాసిస్‌ను (బండి చట్రాన్ని) తుప్పు తినేస్తే ఆ బండికి పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. మీది సముద్రానికి దగ్గర ఊరు, బండికి పద్నాలుగేళ్లు దాటాయి. అందుకే ఇంజిన్ కంటే ముందు అడుగు భాగం చూడాలి. సర్వీసు ర్యాంపు ఎక్కించి, స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూడమనండి. పైపైన గోధుమ రంగు తేలితే ఫర్వాలేదు. మొన లోపలికి దిగిపోతే, అదీ ఛాసిస్ దగ్గర అయితే, నేను కింద రాసినవేవీ మీకు వర్తించవు. 70 వేలు తీసుకుని బండి ఇచ్చేయండి.

ఛాసిస్ గట్టిగా ఉంటే మీవారి ఉత్సాహానికి పని చెప్పవచ్చు. ఆయన ఎలక్ట్రికల్ మనిషి కావడం మీకు కలిసొచ్చింది. సెల్ఫ్ తీసుకోకపోవడం పూర్తిగా ఆయన విద్యే. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెడితే 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ చూపాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఆగితే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. రెండూ సరిగ్గా ఉండి కూడా బ్యాటరీ దిగిపోతుంటే, బండి ఆపేశాక ఏదో కరెంటు తాగుతోందన్నమాట. తాళం తీసేసి, నెగటివ్ వైరు విప్పి, మధ్యలో మీటరు కలిపి, కాసేపాగి చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ అక్కడున్నట్టు. తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్ గానీ, అలారం గానీ ఉంటే ముందు వాటి ఫ్యూజు మీదే పడమనండి. మీటరు ఇలా కలిపి ఉన్నప్పుడు మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. బ్యాటరీకే ఆయుష్షు తీరిందని తేలితే మార్చక తప్పదు. ఆ ఖర్చు కూడా గీత లోపలి లెక్కే.

ఇక మిస్సింగ్. వెయ్యి రూపాయల లోపు దొరికే ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ గుర్తించిన లోపాన్ని చదివే చిన్న పరికరం) మీ బండికి పనిచేస్తుందో లేదో కనుక్కోండి. పనిచేసేదైతే, స్టీరింగు కింది సాకెట్‌కు తగిలిస్తే ఆ పసుపు లైటు ఎందుకు వెలుగుతోందో ఫోనులో కోడ్ రూపంలో కనిపిస్తుంది. పీ0302 అని వచ్చిందనుకోండి, రెండో సిలిండరు మిస్ అవుతోందని. ముందు సీటు ఎత్తితే ఇంజిన్ కనిపించే బండి మీది. చల్లారాక రెండో సిలిండరు స్పార్క్ ప్లగ్గును మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ చెరిపేసి, కాసేపు నడపాలి. ఈసారి పీ0303 వస్తే తప్పు ప్లగ్గుదే. నాలుగూ కొత్తవి వేసినా వెయ్యికి అటూ ఇటూ తేలిపోయే పని. కోడ్ కదలకపోతే కాయిల్, వైరింగ్, ఇంజెక్టర్ చూడాలి.

అప్పటికీ అంతుపట్టకపోతే కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండరులో ఒత్తిడి ఎంతుందో కొలవడం. దీన్ని గ్యారేజీలోనే చేయించండి, మీవారిని పక్కన నిలబడమనండి. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే హెడ్డు విప్పాల్సిన అవసరం దాదాపు లేనట్టే. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ గానీ పోయినట్టు. అప్పుడు మెకానిక్ మాటే నిజం, 42 వేలు పెట్టవచ్చు. కాకపోతే ఏ పార్టుకు ఎంత, కూలి ఎంత అని కాగితం మీద రాయించుకోండి, తీసేసిన పార్టులు తిరిగి ఇమ్మనండి. ఈలోగా ఆ పసుపు లైటు వెలగడం మాని మిణుకుమిణుకుమంటే బండి ఆపేయాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

25 వేల పనిముట్ల సెట్టు వద్దు. వాయిదాల్లో అసలే వద్దు. ప్లగ్ స్పానర్, ఓబీడీ అడాప్టర్ చాలు, మీటరు షాపులో ఎలాగూ ఉంది. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు పైపుల జోలికి ఇంట్లో పోవద్దు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరడం ఎంతటి నిపుణుడికైనా ప్రాణాంతకమే. ఇంకో లెక్క కూడా ఉంది. ఆదివారం చేస్తే మిగులు. షాపు మూసి చేస్తే ఆ రోజు పోయిన బేరం కూడా రిపేరు ఖర్చులో రాయాలి. దీని మీద ఇంట్లో కాస్త రుసరుసలు తప్పవేమో!

ఆర్‌సీ సంగతి మీరు రాయలేదు. సొంత బండికి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, అంటే మీకు 2026లో తీరుతుంది. గడువుకు ముందు 60 రోజుల నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయవచ్చు. 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు, అయిదేళ్లకు. హరిత పన్ను వేరే. 20 ఏళ్లు దాటితే ఫీజే 10,000. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మీ బండి తరగతికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. దాన్ని ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి.

కొత్త బండి వద్దని నేను అనడం లేదు, రెండేళ్లు ఆగమంటున్నాను. నెలకు 8 వేల వాయిదా కట్టగలమని అనుకున్నారు కదా, ఆ 8 వేలను వచ్చే నెల నుంచే, వాయిదా మార్చుకునే వీలున్న (ఫ్లెక్సీ) రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రిపేర్లకు డబ్బు కావాల్సినప్పుడు మాత్రం లక్షన్నర డిపాజిట్‌ను కదపకుండా, ఆ నెల వాయిదా తగ్గించి సర్దుకోండి. ఇబ్బంది లేకుండా సాగితే రెండేళ్లలో అసలే లక్షా 90 వేలు దాటుతుంది. ధరలు ఇప్పటిలాగే ఉంటే, డిపాజిట్ ముట్టకుండానే అప్పు 3 లక్షల 80 వేలతో సరిపోతుంది. నాలుగో నెలకే ఊపిరి ఆడకపోతే ఆ 5 లక్షల అప్పు మీకు ఎంత బరువయ్యేదో బ్యాంకు మెట్లు ఎక్కకుండానే తెలుస్తుంది. లక్షన్నర డిపాజిట్ మామగారి వైద్యానికి అలాగే ఉంచండి.