ఎంఎఫ్ఏ పోర్ట్‌ఫోలియోలో ఏవి పెట్టాలి?

తమ్ముడూ, ఎంఎఫ్ఏ (కళల్లో పీజీ) శిల్పానికి అప్లై చేస్తూ 40 ఫోటోల్లో ఏవి పంపాలో తేలక టెన్షన్ పడుతున్నానన్నావు. కాలేజీ వాళ్లు అడిగినన్నే పంపు. మార్కుల కోసం చేసిన ప్లాస్టర్ తలలు తీసెయ్. చీమకుర్తి గ్రానైట్ ముక్కలతో చేసిన పని మాత్రం మొదట పెట్టు, అందులోనే నువ్వు కనిపిస్తున్నావు. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం వల్ల వస్తాయి. అవి మెరిసేలా ఏటవాలు వెలుగులో దగ్గరగా ఒక ఫోటో, పక్కన మనిషిని నిలబెట్టి సైజు తెలిసేలా దూరంగా ఒకటి తియ్యి. ప్రతి ఫోటో కింద శిల్పం కొలతలు, చేసిన ఏడాది రాసిపెట్టు.

స్టేట్‌మెంట్, అంటే నీ పని గురించి నువ్వు చెప్పుకునే మాట, ముందు తెలుగులో రాసుకో. క్వారీ నుంచి వచ్చిన మీ నాన్న చొక్కా దులిపితే రాలే పొడి గురించి రాశావే, దాంతోనే మొదలుపెట్టు. బరోడా, శాంతినికేతన్ ఆర్ట్ కాలేజీలు రెండింటికీ అప్లై చెయ్యి.