నెట్ లేని కాటా కంప్యూటర్‌కి వైరస్ మళ్లీ మళ్లీ వస్తుంటే ఏం చెయ్యాలి?

తణుకు దగ్గర రైస్ మిల్లు, కాటా గదిలో ఒక కంప్యూటరు, దానికి ఇంటర్నెట్ లేదు, యాంటీవైరస్ ఉంది. అయినా సార్వా మాసూళ్లు జోరుగా ఉన్న రోజుల్లో షార్ట్‌కట్ వైరస్ వచ్చి స్లిప్పులు ఆగిపోయాయి, ధాన్యం లారీలు రోడ్డు దాకా నిలబడిపోయాయి, ఫార్మాట్ కొట్టించినా మళ్లీ అదే వచ్చింది, ఇంకా ఖరీదైన యాంటీవైరస్ కొనాలా అని అడిగారు. అక్కర్లేదండీ, డబ్బు దండగ. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల మిల్లుల్లో, ఐస్ ప్లాంట్లలో, రొయ్యల చెరువుల దగ్గర ఇలాంటి యంత్రాలు చూసుకోవడమే నా పని. ఒకే పని చేసే యంత్రాన్ని కాపాడే పద్ధతి ఇంట్లో కంప్యూటర్‌ని కాపాడే పద్ధతి కాదు. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ కాటా ఎలా పనిచేస్తుందో చూడండి. ప్లాట్‌ఫాం కింద లోడ్‌సెల్స్, అంటే బరువుని పసిగట్టే సెన్సర్లు, ఉంటాయి. వాటి వైర్లన్నీ జంక్షన్ బాక్సులో కలిసి ఇండికేటర్‌లోకి వెళ్తాయి. బరువు లెక్కకట్టేది ఆ ఇండికేటరే. సీరియల్ కేబుల్ మీద వచ్చిన అంకెని అందుకుని, లారీ నంబరు పక్కన చేర్చి స్లిప్పు కొట్టడమే కంప్యూటర్ పని. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏటా సరిచూసి సీలు వేసేది ఇండికేటర్ వైపే. కాలిబ్రేషన్ జోలికి ఎవరూ పోకుండా ఆ సీలు. కానీ రైతు చేతికి వచ్చే కాగితం కంప్యూటర్లోంచి వస్తుంది, దానికి మాత్రం ఏ సీలూ లేదు. వైరసే రానక్కర్లేదు, మీకు తెలియకుండా ఎవరైనా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఫైలు మార్చినా స్లిప్పు మీద అంకె మారిపోవచ్చు. అందుకే బయట రైతులకీ డ్రైవర్లకీ కనిపించే పెద్ద డిస్‌ప్లేని ఇండికేటర్ నుంచే నేరుగా పెట్టించండి, కంప్యూటర్ మీదుగా వద్దు. ఇది వైరస్ సంగతి కాకపోయినా నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. ఆ బస్తాలు పండించినవాడికి అంకె మీద నమ్మకం ఉండాలి.

ఇక యాంటీవైరస్ ఎందుకు ఆపలేకపోయిందంటే, అది ప్రధానంగా తనకి తెలిసిన చెడ్డ ఫైళ్ల జాబితా పట్టుకుని వెతుకుతుంది. నెట్ లేని కంప్యూటర్లో ఆ జాబితా ఎప్పటిదో అయి ఉంటుంది. మీ కాటా కంప్యూటర్లో నడవాల్సినవి లెక్కపెడితే విండోస్, కాటా సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవరు, అంతే. చెడ్డవి లక్షల్లో ఉంటాయి, మంచివి వేళ్ల మీద ఉన్నాయి. అలాంటప్పుడు మంచివాటి జాబితా రాసుకుని, అందులో లేనిది ఏదైనా సరే నడవకుండా ఆపడమే తేలిక. దీన్నే వైట్‌లిస్టింగ్ అంటారు. 2018లో రిజర్వు బ్యాంకు ఏటీఎంల గురించి బ్యాంకులకి ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఇదే ఉంది: బయోస్ (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగులు) పాస్‌వర్డు, యూఎస్‌బీ పోర్టులు మూసెయ్యడం, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్ ఆపెయ్యడం, వైట్‌లిస్టింగ్ పెట్టడం. ఏటీఎం కూడా మీ కాటా లాగే ఒకే పని చేసే కంప్యూటరు.

ఈ వైట్‌లిస్టింగ్ చెయ్యడానికి, అప్‌డేట్లు ఎక్కిన విండోస్ 10, 11 ప్రోలో ఆప్‌లాకర్ అని ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. ముందు ఆపరేటర్‌కి అడ్మిన్ అకౌంట్ తీసేసి మామూలు అకౌంట్ ఇవ్వండి. ఇది చెయ్యకపోతే తక్కినవన్నీ వృథా, ఎందుకంటే ఆప్‌లాకర్ మామూలు రూల్స్ అడ్మిన్‌ని దేనికీ ఆపవు. ఇక్కడొక చిక్కు వస్తుంది. మన దగ్గర వాడే కాటా సాఫ్ట్‌వేర్లు చాలావరకు చిన్నచిన్న డెవలపర్లు రాసినవి. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే డేటాబేస్ కూడా పెట్టేస్తారు, దాంతో అడ్మిన్ లేకపోతే నడవదంటుంది. అప్పుడు చాలామంది ఆ ఫోల్డర్ మొత్తానికి రాసే పర్మిషన్ ఇచ్చేస్తారు. అలా ఇస్తే అందులో పడ్డ వైరస్ ఫైలు కూడా నడిచేస్తుంది. డేటాబేస్‌ని డి డ్రైవ్‌కి మార్పించండి, ప్రోగ్రాం ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే ఉంచండి. డెవలపర్ దానికి డిజిటల్ సంతకం పెట్టి ఉండడు కాబట్టి ఆ ఫైలుకి హ్యాష్ రూల్ రాయండి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ కలవదు, ప్రోగ్రాం తెరుచుకోదు. ఎవరో రాత్రికి రాత్రి మార్చిన సాఫ్ట్‌వేర్ పట్టుబడేది ఇక్కడే. ప్రోగ్రాం ఫైల్స్ కింద ఉన్నవన్నీ నడవొచ్చనే మామూలు రూల్‌లోంచి మాత్రం ఆ ఫోల్డర్‌ని మినహాయించాలి. లేకపోతే హ్యాష్ రూల్ ఉండీ లేనట్టే.

షార్ట్‌కట్ వైరస్ సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. అది పెన్‌డ్రైవ్‌లో మీ ఫోల్డర్లని దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మీరు ఫోల్డరే అనుకుని నొక్కితే విండోస్‌లో ఉన్న ప్రోగ్రాం ద్వారానే వెనక ఒక స్క్రిప్టు నడుస్తుంది. అందుకని ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రాం ఫైళ్ల) రూల్స్ ఒక్కటే పెడితే చాలదు, స్క్రిప్ట్ రూల్స్ కూడా పెట్టాలి. ప్రోగ్రాంలు వాడుకునే డీఎల్‌ఎల్ ఫైళ్ల రూల్స్ మొదట ఆఫ్‌లో ఉంటాయి, వాటినీ ఆన్ చెయ్యండి. మొదట కొన్నాళ్లు ఆడిట్ మోడ్‌లో, అంటే దేన్నీ ఆపకుండా రాసుకునేలా మాత్రమే, వదిలి, ఏవేవి ఆగిపోయేవో ఈవెంట్ లాగ్‌లో చూసుకుని, ఆ తర్వాత ఎన్‌ఫోర్స్ చెయ్యండి. ఆకివీడు వైపు ఒక మిల్లులో ఇలా చేశాక కూడా లెక్కల కుర్రాడు అదే పెన్‌డ్రైవ్ తెచ్చి పెడుతూనే ఉన్నాడు. లాగ్‌లో ఆపేసిన స్క్రిప్టులు వరసగా కనిపిస్తున్నాయి, స్లిప్పులు మాత్రం ఒక్కపూట కూడా ఆగలేదు.

దీనిమీద రైట్ ఫిల్టర్ కూడా పెట్టుకోగలిగితే మన ప్రాంతానికి చాలా మంచిది. విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అని వస్తుంది, ప్రోలో ఉండదు. సి డ్రైవ్ మీద రాయాల్సిందంతా డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో రాసుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే అంతా తుడిచిపెట్టుకుపోయి మీరు పెట్టిన రోజు ఎలా ఉందో అలా లేస్తుంది. గాలివాన వచ్చినప్పుడు కరెంటు పోవడం, జనరేటర్ ఎక్కించేలోపు కంప్యూటర్ ఆగిపోవడం, విండోస్ పాడైపోవడం మనకి మామూలే కదా. సి డ్రైవ్ మీద రాత ఉండదు కాబట్టి ఆ గొడవ కూడా చాలావరకు తగ్గిపోతుంది. జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. డేటాబేస్ సి డ్రైవ్‌లోనే ఉండిపోతే ఆ రోజు తూకాలన్నీ రీస్టార్ట్‌తో పోతాయి, కాబట్టి డి డ్రైవ్ తప్పనిసరి. ర్యామ్‌లో ఇలా రాసుకునే చోటుని ఓవర్‌లే అంటారు, దాని పరిమాణం మామూలుగా 1024 ఎంబీ ఉంటుంది. రోజుల తరబడి ఆపకుండా నడిపితే అది నిండిపోయి సిస్టం మొండికేస్తుంది, రాత్రి కాటా మూసేటప్పుడు రీస్టార్ట్ చేయించండి. పైగా ఈ ఫిల్టర్ వైరస్‌ని నడవకుండా ఆపదు, రీస్టార్ట్ అయ్యేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఆపే పని ఆప్‌లాకర్‌దే.

అసలు ఆ పెన్‌డ్రైవ్ ఎందుకొస్తోందో కూడా అడగండి. రోజూ తూకాల వివరాలు ఆఫీసుకి చేర్చడానికే అయితే కాటా గది నుంచి ఆఫీసుకి ఒక కేబుల్ లాగి, షేర్డ్ ఫోల్డర్లోకి ఫైలు వెళ్లేలా చెయ్యండి. ఆ కేబుల్‌ని వైఫై రూటర్‌కి తగిలించకండి. తర్వాత విండోస్ గ్రూప్ పాలసీ సెట్టింగుల్లో యూఎస్‌బీ స్టోరేజ్ మూసెయ్యండి, కీబోర్డు, మౌస్ ఎప్పటిలాగే పనిచేస్తాయి.

నెట్ లేకపోతే భయం లేదనే మాట నమ్మకండి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లో నెట్‌కి సంబంధం లేని అణు కేంద్రంలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారానే చేరిందంటారు. 2018 ఆగస్టులో తైవాన్‌లో చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీలో కొత్త యంత్రం బిగించేటప్పుడు వైరస్ స్కాన్ చెయ్యకుండా కలిపేశారు. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ రకం ఒకటి ఫ్యాక్టరీ యంత్రాలకి పాకి ఉత్పత్తి ఆగిపోయింది. దానికి విరుగుడు ప్యాచ్ 2017 మార్చిలోనే వచ్చేసింది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగినప్పుడు, సర్వీసు ఇంజినీరు తెచ్చిన ల్యాప్‌టాప్‌ని మన మిల్లులో చూడకుండా తగిలించనివ్వకూడదు. ఆయన వెళ్లాక రిమోట్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వదిలి వెళ్లారేమో చూసి తీసెయ్యండి. మీ మిల్లులో పీఎల్‌సీ (యంత్రాలని నడిపే చిన్న కంట్రోలర్) ఉంటే దానికి తాళంచెవి తిప్పే స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే రన్‌లో పెట్టి, తాళంచెవి యజమాని దగ్గర ఉండాలి. సౌదీలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో 2017లో బయటపడ్డ ట్రైటన్ దాడిలో సేఫ్టీ కంట్రోలర్ ప్రోగ్రాం మార్చగలిగారంటే, ఆ తాళం ప్రోగ్రాం స్థానంలోనే వదిలేసి ఉండడం వల్ల.

చెరువులు ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే రెండు ముక్కలు. ఏరియేటర్లకి సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్ పెట్టినప్పుడు దాంతో వచ్చిన పాస్‌వర్డు వెంటనే మార్చండి, మీవి కాని నంబర్లు జాబితాలోంచి తీసెయ్యండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ ఏరియేటర్లు ఆగితే వెనామీ పంట మొత్తం తేలిపోతుంది. 2023 నవంబరులో అమెరికాలో అలిక్విప్పా అనే ఊళ్లో మంచినీటి పంపుల కంట్రోలర్‌ని హ్యాకర్లు పట్టుకున్నారు. నెట్‌కి తెరిచి ఉన్న ఆ రకం కంట్రోలర్లకి కంపెనీ నుంచి వచ్చే పాస్‌వర్డు 1111. గట్ల మీద పెట్టే కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) సంగతీ అంతే. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి డీవీఆర్‌లనీ కెమెరాలనీ వాటి డిఫాల్ట్ పాస్‌వర్డులతోనే పట్టుకుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది, పాస్‌వర్డు మార్చకపోతే మళ్లీ వస్తుంది.

బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ పక్కన ఇంకా విండోస్ ఎక్స్‌పీ ఉంటే దాన్ని ఏ నెట్‌వర్క్‌కీ కలపకండి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విండోస్ 7కి 2020 జనవరితో, విండోస్ 10 మామూలు ఎడిషన్లకి 2025 అక్టోబరుతో అయిపోయింది. కొత్తది కొనాల్సి వస్తే విండోస్ ఐఓటీ ఎంటర్‌ప్రైజ్‌లో ఎల్‌టీఎస్‌సీ అనే దీర్ఘకాలపు ఎడిషన్ అడగండి, పదేళ్లు సపోర్ట్ ఉంటుంది, రైట్ ఫిల్టరూ అందులోనే వస్తుంది.

ఈ పనులు లారీలు వచ్చే రోజుల్లో మొదలుపెట్టకండి. దాళ్వా ధాన్యం అయిపోయి సార్వా మొదలయ్యేలోపు ఖాళీ చూసుకుని, శుభ్రంగా ఫార్మాట్ చేసి, పాత పెన్‌డ్రైవ్‌లేవీ తగిలించకుండా అన్నీ ఎక్కించి, ఆ డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి బీరువాలో పెట్టండి. మీది విండోస్ హోమా ప్రోనా, కాటా సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ఏ ఫోల్డర్లో ఉంది, ఆపరేటర్ ఏ అకౌంట్‌తో లాగిన్ అవుతున్నాడు, ఈ మూడూ కింద రాయండి. మీకు సరిపోయే ఆప్‌లాకర్ రూల్స్ వరసగా రాసి పెడతాను.