ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన సరిపోదు

బండి, రోడ్డు, డ్రైవింగు గురించి పాఠకుల ప్రశ్నలకు బెంగళూరులో స్థిరపడిన ఒక రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ జవాబులు

ప్రశ్న: మా పాప వెళ్లే స్కూల్ వ్యాన్ టైర్లు నున్నగా అరిగిపోయాయి. అడిగితే "ఎఫ్‌సీ ఉంది మేడమ్, ఇంకా ఏడాది టైముంది" అంటున్నాడు డ్రైవరు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. పరీక్ష చేసిన రోజు బండి బాగుందని చెప్పే కాగితం, అంతేనమ్మా. వ్యాన్‌కి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా చేయిస్తారు. మధ్యలో ఏది ఎంత అరిగిందో కాగితం చెప్పదు. ఎఫ్‌సీ రోజుకి వేరే బండి టైర్లు తెచ్చి బిగించి, సాయంత్రానికల్లా విప్పేసే ఓనర్లను సర్వీసులో చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. ఆ బండెక్కేది పసిపిల్లలు.

రేపు వ్యాన్ ఆగినప్పుడు ఒక్క నిమిషం వంగి చూడండి. టైరు అంచున టీడబ్ల్యూఐ (TWI) అని ఇంగ్లిష్ అక్షరాలో, చిన్న త్రికోణమో ఉంటుంది. దానికి నేరుగా గాడిలో చిన్న గట్టు కనిపిస్తుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమమైతే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. అంతకంటే తగ్గితే మార్చాల్సిందే. వాన పడిన రోజు అలాంటి టైరు కింద నీళ్లు బయటికి పోయే దారుండదు, బ్రేకు తొక్కినా బండి జారిపోతుంది.

తర్వాత, ఇంజిన్ ఆన్‌లో ఉంచి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని డ్రైవరుకి చెప్పండి. పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడు మాత్రం పాపను ఎక్కించకండి. ఒక్కరే అడిగితే పట్టించుకోరు. ఆ వ్యాన్‌లో వెళ్లే పిల్లల తల్లిదండ్రులంతా సంతకాలు పెట్టి స్కూలుకి ఇవ్వండి, ఆర్టీవో ఆఫీసుకి ఒక కాపీ పంపండి.

ప్రశ్న: మైసూరు హైవే మీద రెండుసార్లు చలానా పడింది. రోడ్డు అద్దంలా ఉంది, కారు కొత్తది. 100 దాటితే ఫైను వేయడం డబ్బు గుంజడానికి కాదా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: కాదు బాబూ. లెక్క చూడండి. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, కాలు పెడల్ మీదికి వెళ్లడానికి ఒక సెకను అనుకుందాం. 100లో వస్తున్న కారు దాదాపు 85 మీటర్లలో ఆగుతుంది. 130లో వస్తున్న కారుకి 130 మీటర్లు పడుతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండోది ఇంకా 90 మీద ఉంటుంది. అక్కడొక మనిషి రోడ్డు దాటుతుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇంతా చేసి, ఆ హైవే మొత్తం 119 కిలోమీటర్లూ 130లో పోయినా మిగిలేది పావుగంట.

లైసెన్సు పరీక్ష జీవితంలో ఒకసారి. సొంత కారుకైతే పదిహేనేళ్లదాకా ఎఫ్‌సీ ఊసే లేదు. రోజూ మనల్ని చూసేది హైవే మీది స్పీడు కెమెరా ఒక్కటే. కర్ణాటకలో 2024 ఆగస్టు 1 నుంచి 130 దాటితే ఎఫ్‌ఐఆరే పెడుతున్నారు, నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కెమెరా దగ్గర తగ్గించి మళ్లీ తొక్కేవాళ్లున్నారు కాబట్టి రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కకట్టి ఫైను వేసే పద్ధతి అన్ని హైవేల మీదా రావాలి.

ప్రశ్న: టెస్టు పాసయ్యాను. అయినా అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయి.
– ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: భయం సహజమే తల్లీ. టెస్టు ట్రాక్‌లో వెనక నుంచి బీఎంటీసీ బస్సు హారన్ కొట్టదు కదా! ఆదివారం పొద్దున్నే, అనుభవమున్న వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి. సర్వీస్ రోడ్డు నుంచి మెయిన్ రోడ్డులోకి కలవడం ఒక్కటే మళ్లీ మళ్లీ చేయండి: ఇండికేటర్ వేయాలి, అద్దం చూడాలి, తల తిప్పి చూడాలి, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పాలి. అది అలవాటయ్యాకే రద్దీ వేళల్లో బయల్దేరండి.